నీడ పడని హాలు

తిరుపతి,
14 జూన్ 1999

మామకు,

ధరణి నమస్కరించి రాసేది. ఇక్కడ ఆయన, నేను ఆరోగ్యంగా ఉన్నాం. గులాబీ పోయింది. దాని తర్వాత తెచ్చిన క్రోటన్ ఆకులన్నీ రాల్చి, గుడ్డ ఊడిన గొడుగులా నిలబడి ఉంది.

బైరాగిపట్టెడలో మేము అద్దెకు దిగిన ఫ్లాటు మీరు చూడలేదు కదా. రెండో అంతస్తు. ఒక హాలు, ఒక పడకగది, ఇద్దరు నిలబడితే మూడోవారు వెనక్కి నడిచి బయటికి రావలసిన వంటిల్లు. హాలుకు పెద్ద కిటికీ ఉంది. తెరిస్తే పక్క అపార్టుమెంటు గోడ. ఇంట్లో కూర్చునే ఆ గోడకు సున్నం కొట్టవచ్చు.

పోయిన నెల మా అత్తగారు బంగారుపాళ్యం నుంచి వస్తూ, తోటలో తాను స్వయంగా కట్టిన బేనీషా మామిడి అంటును బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకొని తెచ్చారు. దాన్ని హాల్లో పెట్టాం. ఆమె తిరిగి వెళ్ళేలోపే అది కూడా ఆకులు రాల్చేసింది. అత్తగారు కుండీ ముందు కూర్చొని, చావు ఇంటికి పలకరింపుకు వచ్చినట్టు కొంగు సర్దుకొని అన్నారు:

"ఏమ్మే ధరణీ, సెట్టు నిలవని కొంపలో మనిషి యెట్ల నిలుస్తాడే? ఈడ ఎండ ల్యా, గాలి ల్యా. కార్తీకానికి మళ్ళా వస్తా. అప్పటికి ఈ ఇంట్లో ఒక్క మొక్కన్నా బతికుంటే సరే. ల్యాకపోతే ఇద్దురూ మూటాముల్లె సర్దుకోని తోటకాడికి వచ్చేయండి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వానికేదో ఒక పని ఉంటాది. నీకేం, ఇంట్లో ఉందువుగాని."

మీ అల్లుడు ప్రతాప్ సంగతి మీకు తెలుసు. వాళ్ళమ్మ మాట ముగియక ముందే తల ఊపుతారు.

మామా, నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పటం మొదలుపెట్టి రెండేళ్ళు. పిల్లలు నన్ను చూసి భయపడటం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు. ఆ ఉద్యోగం ఇప్పుడు ఒక మొక్క వేళ్ళ మీద నిలబడి ఉంది. సర్వీసంతా ఉద్యానశాఖలో ఉండి జిల్లాలోని తోటలకు వైద్యం చేసినవారు మీరు. ఏ మొక్క తేవాలో చెప్పండి.

మీ మేనకోడలు,
ధరణి


చిత్తూరు,
20 జూన్ 1999

చి. సౌ. ధరణికి దామోదరం ఆశీస్సులు.

గులాబీ విషయంలో నిన్ను నువ్వు నిందించుకోవద్దు. ఆ గదిలో గులాబీని పెంచటం, చేపను అటక మీద పెంచటం వంటిది. మామిడి అంటు విషయంలో మీ అత్త దేవకమ్మ వదినగారినీ తప్పు పట్టవద్దు. ఆమె ప్రేమతో తెచ్చారు. అయితే మామిడి ప్రేమను ఆహారంగా తీసుకోదు.

నీవు "ఏ మొక్క" అని అడిగావు. ముందు అడగవలసినది "ఏ చోటు" అని. చిన్న ఇళ్ళలో మొక్కలు చాలావరకు నీరు లేక చావవు, వెలుతురు చాలక చస్తాయి. ఆ తర్వాత యజమాని జాలిపడి పోసిన నీటితో మరొకసారి చస్తాయి. కాబట్టి వెలుతురును కొలవాలి. పరికరం అక్కరలేదు. మబ్బులేని రోజు ఉదయం పది గంటల ప్రాంతంలో, కుండీ పెట్టదలచిన చోట ఒక తెల్ల కాగితం పరచు. దానికి అడుగెత్తున అరచేయి చాపి కాగితాన్ని చూడు. వేళ్ళ అంచులు స్పష్టంగా కనిపించేలా నీడ పడితే అది మంచి వెలుతురు. నీడ మసకగా ఉండి చేయి ఆకారం మాత్రం తెలిస్తే మధ్యస్థం. దానికి తగిన మొక్కలు చాలా ఉన్నాయి. నీడ బొత్తిగా పడకపోతే ఆ చోట ప్రాణమున్నదేదీ ఉంచవద్దు. గుడ్డ పూలు పెట్టుకో.

ప్రతి గదిలోనూ ఈ పరీక్ష చేసి ఫలితాలు రాసి పంపు. పక్కింట్లో ఫోను ఉందని తెలుసు గానీ, మొక్కల సంగతి ఫోనులో చెప్పితే సగం గాలికి పోతుంది. ఈలోగా క్రోటన్‌కు నీరు పోయకు. దానికి ఇక దాహం లేదు.

శుభాకాంక్షలతో,
దామోదరం


తిరుపతి,
5 జూలై 1999

మామకు నమస్కారాలు.

పరీక్ష చేశాం. హాల్లో నీడ పడలేదు. ఎంత వంగి చూసినా కాగితం కాగితంలాగే ఉంది. వంటింటి గట్టు మీద మసక నీడ. ఇంటి మొత్తానికి వేళ్ళు, గోళ్ళు, ఉంగరం సహా స్పష్టంగా కనిపించినది స్నానాలగది వెంటిలేటరు కింద.

ఒక చిన్న సంగతి జరిగింది. ఆయన హాల్లో చేయి చాపి, నేను కాగితం మీదికి వంగి ఉన్న సమయంలో ఎదురింటి లోకేశ్వరిగారు పెరుగు తోడుకోసం వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏమ్మా ధరణీ, ఇదేం శాస్త్రం?"

"మా మామ రాశారండీ, చిత్తూరు నుంచి."

"ఆ పెద్దాఫీసరు మామేనా? అయితే ఊరికే రాసుండడు. మా ఇంట్లో గూడా సూడు తల్లీ!"

మొక్కల కోసమని చెప్పాను మామా, రెండుసార్లు చెప్పాను. ఈ అపార్టుమెంటులో వాస్తు బాగాలేదని గుమ్మాలు జరుపుకున్న ఇళ్ళు మూడున్నాయి. వాళ్ళకు మొక్క అనే మాట చెవిని సోకదు. లోకేశ్వరిగారి బాల్కనీ తూర్పుకు ఉంది కాబట్టి నీడ కత్తిరించినట్టు పడింది. ఆమె ఆ సాయంత్రం అందరికీ గుగ్గిళ్ళు పంచారు. మరునాడే వాళ్ళాయనకు ప్రమోషన్ వచ్చింది. ఆ తర్వాత నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మెట్లమీద తెల్ల కాగితాలు పట్టుకొని మనుషులు కూర్చొని ఉన్నారు. పది గంటలకే చూడాలంటే, ఆదివారందాకా ఆగుతామన్నారు.

సంఘం సెక్రటరీ తిరుమలయ్యగారు మీ ఉత్తరం అడిగి తీసుకెళ్ళి, జెరాక్స్ తీయించి, కింద మోటారు గది తలుపుకు అంటించారు. ఆపబోయాను. "మంచి మాట దాసుకోకూడదమ్మా" అన్నారు.

మీ ధరణి


చిత్తూరు,
11 జూలై 1999

చి. సౌ. ధరణికి,

ఫలితాలు నిర్దుష్టంగా రాశావు. సంతోషం. వంటింటి గట్టు మీద మనీప్లాంటు పెట్టవచ్చు. అయితే వదినగారు వచ్చి చూసేది హాలును గనుక, రేపటి బస్సులో కండక్టరు మునివెంకటప్ప చేత రెండు కుండీలు పంపుతున్నాను. అవి మన మెట్టల్లో నార తీసే చాగకు దాయాదులు. నర్సరీలో స్నేక్ ప్లాంటు అంటారు. కత్తుల్లా నిటారుగా ఉన్న ఆకులు, పసుపు అంచు. ఇది తక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది. ప్రేమను ఓర్చుకోదు. మట్టిలో వేలు రెండు కణుపుల లోతుకు దించి, పూర్తిగా పొడిగా ఉందని తేలితేనే నీరు. ఏమీ చేయకుండా ఉండటమే దీని సేద్యం. మనవాళ్ళకు అన్నిటికంటే కష్టమైన సేద్యం అదే.

ఇక మోటారు గది తలుపు విషయం. నేను రాసినది మొక్కల కుండీలు పెట్టే చోటును గురించి మాత్రమేనని తిరుమలయ్యగారికి దయచేసి తెలియజేయి. లోకేశ్వరిగారి భర్తకు ప్రమోషన్ రావటానికి, వాళ్ళ బాల్కనీలో నీడ పడటానికి సంబంధం లేదు. ప్రమోషన్ కాగితాలు ఆ నీడకంటే ముందే బయలుదేరి ఉంటాయి.

దామోదరం


తిరుపతి,
2 ఆగస్టు 1999

మామకు,

కుండీలు క్షేమంగా చేరాయి. మునివెంకటప్పగారు వాటికి కిటికీ పక్క సీటు ఇచ్చారట. కానీ ఇక్కడ పరిస్థితి బాగాలేదు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం కింద ఎవరో ఎర్ర సిరాతో గీత గీశారు: "నీడ బొత్తిగా పడకపోతే ఆ చోట ప్రాణమున్నదేదీ ఉంచవద్దు." కింది అంతస్తులో మునికృష్ణగారి ఇంట్లోనూ హాలు మా హాలు వంటిదే. ఆయన తండ్రి గోవిందస్వామిగారు మంచం ఆ హాల్లోనే వేసుకొని ఉంటారు. కొడుకు, కోడలు, మరో ఇద్దరు కలిసి ఆయనను మంచంతో సహా ఎత్తి, మెట్ల వసారాలో ఎండ పడేచోటికి చేర్చారు. చేపల తొట్టెను కూడా. పెద్దాయన మొదట తిడతారనుకున్నారు. ఆయన పడుకున్నచోటి నుంచే నవ్వుతూ అన్నారట:

"ఒరే మునికృష్ణా, నన్ను గూడా ప్రాణముండేవాడని ఒప్పుకుంటివి గదరా. సాలు పోరా!"

ఇప్పుడు మా హాల్లోకి ఎవరూ అడుగు పెట్టటం లేదు. పాలామె గుమ్మం అవతలే నిలబడి చెయ్యి మాత్రం లోపలికి చాపి పాలు పోస్తోంది. లోకేశ్వరిగారు మాట్లాడవలసి వస్తే నన్నే బయటికి పిలుస్తున్నారు. మొక్కల గురించే రాశారని తిరుమలయ్యగారికి మీ రెండో ఉత్తరం చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకొని, "మీ మామ పెద్దమనిసి. భయపడతారని మెల్లింగా సెప్తా ఉండాడు" అన్నారు.

అసలు కష్టం ఇది. లోకేశ్వరిగారి చెల్లెలిని ఇచ్చింది బంగారుపాళ్యమే. నిన్న మా అత్తగారు తిరుమలయ్యగారి ఇంటికి ఫోను చేసి నన్ను పిలిపించారు.

"ఏమే, మీ మేనమామే రాసినాడంట గదా, ఆ ఇంట్లో ప్రాణముండేది ఏదీ ఉండకూడదని! నేను సెప్తే ముసిల్దాని సాదస్తం అంటిరి. ఇప్పుడు ఆఫీసరే సెప్పె. కార్తీకం దాకా యేల, వినాయకచవితికే వస్తా ఉండా."

నన్ను నిలబెట్టటానికి మీరు రాసిన ఉత్తరమే నన్ను ఇల్లు ఖాళీ చేయించేలా ఉంది. ఏదైనా చేయండి మామా.

ధరణి


చిత్తూరు,
8 ఆగస్టు 1999

చి. సౌ. ధరణికి,

నీ ఉత్తరం చదివాను. నా మాట వల్ల ఒక పెద్దమనిషి మంచం కదిలిందంటే, ఆ మాటను సరిదిద్దవలసిన బాధ్యత నాది. దీనితో జతపరచిన కాగితాన్ని మోటారు గది తలుపుకు, ముందుదాని పక్కనే, అంటించమని తిరుమలయ్యగారికి ఇవ్వు. అందులో స్పష్టంగా రాశాను. మొక్క వెలుతురుతో తన ఆహారం తానే వండుకుంటుంది, అందుకు దాని ఆకుల్లో పత్రహరితం అనే పచ్చని పదార్థం ఉంది. మనిషిలో పత్రహరితం లేదు. కాబట్టి ఈ పరీక్ష మనుషులకు వర్తించదు. గోవిందస్వామిగారు తమకు నచ్చినచోట నిశ్చింతగా ఉండవచ్చు.

నీ హాలులోని మొక్కకు వేరుగా ఒక సూచన. చీకటి గదిలో మొక్క బాగుండాలంటే రెండు కుండీలకు వంతులు పెట్టాలి. ఒకటి హాలులో ఉన్న వారం, రెండవది లోకేశ్వరిగారి బాల్కనీలో ఉండాలి. వారం తిరగగానే మార్చు. ఎండ ఒక్కసారిగా అలవాటు కాదు గనుక మొదట గోడవారగా పెట్టు.

వదినగారు వచ్చేసరికి మొక్క నిలబడి ఉంటుంది. ధైర్యంగా పాఠాలు చెప్పుకో.

దామోదరం


తిరుపతి,
26 సెప్టెంబరు 1999

మామకు,

మీ కాగితాన్ని తిరుమలయ్యగారు మిద్దెమీద సమావేశం పెట్టి చదివారు. నాకు వచ్చిన ఉత్తరంలో మొక్కకు రాసిన సూచనను కూడా, అడిగి తీసుకొని, దానికి కలిపి చదివారు. తర్వాత ఆయన చేసిన వ్యాఖ్యానం ఇది:

"ఇన్నారు గదబ్బా! మొక్కకి పచ్చగా ఏదో ఉండాదంట, అందుకే దానికి వారం మార్సి వారం ఎండ సాలు. మనిసికి అది గూడా ల్యాదంట! అంటే మనకి ఇంకా ఎక్కువ కావాల్నా, తక్కువనా?"

"ఎక్కువే!" అన్నారందరూ.

అపార్టుమెంటులో ఇప్పుడు వంతులు నడుస్తున్నాయి. చీకటిళ్ళలోని పెద్దవాళ్ళు వెలుగిళ్ళ బాల్కనీల్లో కూర్చోవాలి. గోవిందస్వామిగారికి సోమ, గురువారాలు. ప్రతి ఒక్కరి వెంటా ఒక కుర్చీ, ఒక మజ్జిగ చెంబు. లోకేశ్వరిగారు విసుక్కుంటారేమోనని చూశాను. ఆమె ఇంట్లో ఇన్నాళ్ళకు ఇంతమంది వచ్చారని కొత్త దుప్పటి పరిచారు.

మా అత్తగారు వినాయకచవితికి వచ్చారు. గుమ్మంలో చెప్పులు విడవక ముందే తిరుమలయ్యగారు ఎదురై, "అమ్మా, మీది నీడ పడని హాలు. మంగళ, శుక్రవారాలు మీ వంతు" అని చెప్పారు. ఆమెకు ఏ ఊళ్ళోనూ ఎవరూ వంతు ఇచ్చి ఉండరు. "నాకేం కర్మబ్బా, ఒకరింట్లో పోయి కూసోడానికి" అంటూనే వెళ్ళారు. మా కుండీని కూడా చంకన పెట్టుకొని వెళ్ళారు. సాయంత్రానికి గానీ రాలేదు.

మామా, మొక్క పోయింది. మీరు చెప్పినట్టు నేను నీరు పోయలేదు. కానీ బాల్కనీలో వంతుకు వచ్చిన ప్రతి ఒక్కరూ మజ్జిగ తాగే ముందు దానికి ఒక చెంబెడు నీళ్ళు పోశారు. అడిగితే అత్తగారే అన్నారు: "మనం తాగతా ఉంటే అది సూస్తా ఉండల్నా? కంట్లో ప్రాణం పెట్టుకోని!" మామిడికి పాదు కట్టి నీళ్ళు పారించే చేయి ఆమెది. మొదలు మెత్తబడి, ఆకులు పక్కకు వాలిపోయాయి. హాల్లో ఉన్న రెండో కుండీ కూడా వంతు ముగించుకొని వచ్చినదే గనుక అదే దారిలో ఉంది.

"సెప్పినా గదా. ఈ కొంపలో కత్తి లాంటి సెట్టు గూడా బతకలా."

"అత్తా, అది పోయింది లోకేశ్వరిగారి బాల్కనీలో."

"యాడ పోతే ఏమే, అది ఏ ఇంటి బిడ్డ?"

ఆయుధపూజ కాగానే సామాను కట్టమన్నారు. ఆయన తల ఊపారు. నర్సరీ నుంచి అలాంటిదే మరొకటి తెచ్చి అదే కుండీలో పెట్టేయమంటారా? ఆమెకు తేడా తెలియదు. కాలేజీలో రాజీనామా ఎలా రాయాలో కూడా నాకు తెలియదు.

ధరణి


చిత్తూరు,
1 అక్టోబరు 1999

చి. సౌ. ధరణికి,

కొత్త మొక్కను పాతదని చూపవద్దు. వదినగారికి తేడా తెలియదని నీవు అనుకుంటున్నావు. అంటు కట్టే మనిషి ఆకు అంచును చూస్తుంది. ఆమెకు తెలిసిపోతే, మొక్కతో పాటు నీ మాట కూడా పోతుంది.

పోయినది మొదలు మాత్రమే. ఆకులు ఇంకా గట్టిగా ఉంటాయి. కుళ్ళిన భాగాన్ని పూర్తిగా కోసి పారవేయి. మిగిలిన ఆకును బెత్తెడు ముక్కలుగా కోయి. ప్రతి ముక్కకు కింది వైపు చిన్న గాటు పెట్టి గుర్తు ఉంచు. తలకిందులుగా నాటితే వేరు రాదు. రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, తడి తగలని ఇసుకలో నిలబెట్టి, తర్వాత చాలా పొదుపుగా నీరు చిలకరించు. వేరు పట్టటానికి నెల పైనే కావచ్చు. కొత్త మొక్కకు పసుపు అంచు రాదు, పచ్చగానే వస్తుంది. అది రోగం కాదు. ఆకు ముక్క నుంచి వచ్చే పిలకలో ఆ చార నిలవదు.

వచ్చే ఆదివారం నేనే తిరుపతికి వస్తున్నాను. దోషం నీ ఇంటిది కాదు, నా వాక్యానిది అని వదినగారికి, తిరుమలయ్యగారికి ముఖాముఖి చెప్పాలి. నీడ పరీక్ష మనుషులకు ఎందుకు వర్తించదో నాలుగు పేజీల వివరణ, బొమ్మలతో సహా, సిద్ధం చేశాను. రాజీనామా ఎలా రాయాలో నేను నేర్పను.

దామోదరం


తిరుపతి,
5 అక్టోబరు 1999

మామకు,

ఈ ఉత్తరం ఆదివారం లోపల మీకు అందాలని మునివెంకటప్పగారి చేతికే ఇస్తున్నాను. దయచేసి ఆ వివరణ తీసుకురావద్దు.

నిన్న ఉదయం నేను కాలేజీకి బయలుదేరుతుంటే, ఆరబెట్టిన ఆకు ముక్కల ముందు కూర్చున్న అత్తగారు తల ఎత్తకుండా అడిగారు.

"నువ్వు పగలంతా యాడ ఉంటావే?"

"కాలేజీలో అత్తా."

"ఆడ నీడ పడతాదా?"

ఎప్పుడూ చూడలేదన్నాను. పది గంటలకు నేను ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు సమాకలనం చెబుతుండగా అత్తగారు తలుపు తోసుకొని లోపలికి వచ్చారు. చేతిలో తెల్ల కాగితం. మా తరగతి మిద్దెమీద రేకుల గది. మూడు వైపులా కిటికీలు. పిల్లలు లేచి నిలబడ్డారు. బోర్డు నుంచి తనిఖీకి వచ్చారనుకొని ప్రిన్సిపాల్‌గారు టై సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చి కుర్చీ వేశారు. అత్తగారు కుర్చీలో కాగితం పెట్టి, దాని పైన చేయి చాపారు.

మామా, ఆమె ఐదు వేళ్ళు, మట్టిపని చేసి వంకర తిరిగిన చిటికెనవేలు, కాటుకతో గీసినట్టు పడ్డాయి. వెనక బెంచీలో ఎవరో చప్పట్లు కొట్టారు. అత్తగారు మాత్రం ఆ నీడను చూస్తూ చాలాసేపు చేయి వెనక్కి తీసుకోలేదు.

"నలభై ఏండ్లు మా వంటింట్లో ఉంటినే. పొగకి గోడలు నల్లగయిపాయ. ఒక్కనాడన్నా నా సెయ్యి నీడ సూసినానా?" అన్నారు, తనలో తాను అనుకున్నట్టు. తర్వాత పిల్లల వైపు తిరిగి, "కూసోండి నాయినా, సదువుకోండి" అన్నారు. ప్రిన్సిపాల్‌గారు కూడా కూర్చున్నారు.

రాత్రి ఆయనకు అన్నం వడ్డిస్తూ తీర్పు చెప్పారు.

"ఒరే ప్రతాపూ, ఇది పగలంతా ఎండలో ఉంటాది. రాత్రికి ఇంటికొచ్చి పడుకుంటాది. రాత్రి నీడ ఎవురికి కావాల? తోటకాడికి తీస్కపోతే మళ్ళా ఆ వంటింట్లోనే గదరా కూసోబెట్టేది! మీ మామ రాసింది నిజమే. ఆడ ప్రాణముండేది ఏదీ ఉండకూడదు. ఇది కాలేజీ మానేదానికి ల్యా."

ఆయన తల ఊపారు. అంత అందంగా ఆయన తల ఊపటం నేను మొదటిసారి చూశాను.

మీరు వచ్చి ఈ పరీక్ష మనుషులకు వర్తించదని నాలుగు పేజీల్లో నిరూపిస్తే, నా ఉద్యోగం మళ్ళీ ఆకు ముక్కల మీదికి వస్తుంది. రండి, కానీ నిరూపించకండి.

ధరణి


చిత్తూరు,
8 అక్టోబరు 1999

చి. సౌ. ధరణికి,

మునివెంకటప్ప ఉత్తరం అందించి, "జవాబు ఇస్తే ఇప్పుడే తీస్కపోతా సార్" అని వాకిట్లో నిలబడి ఉన్నాడు. అందువల్ల క్లుప్తంగా రాస్తున్నాను.

వదినగారు వేసిన అడుగుల్లో ఒక్కటీ శాస్త్రం ఒప్పుకోదు. నా వాక్యాన్ని ఆమె నేను రాయని చోటుకు తీసుకెళ్ళి పెట్టారు. అక్కడ అది నేను రాసిన చోటు కంటే నిజంగా ఉంది. సర్వీసులో ఎందరి లెక్కలో దిద్దాను. దీన్ని దిద్దటానికి నాకు చేయి రావటం లేదు.

ఆదివారం పొద్దుటి బస్సుకు వస్తాను. వివరణ తేవటం లేదు. బంగారుపాళ్యంలో ఆ వంటింటికి బయటి గోడ ఏ దిక్కుకు ఉందో, దాని మందం ఎంతో వదినగారిని అడిగి ఉంచు. అక్కడ ఒక కిటికీ పెట్టించాలి.

దామోదరం